చెక్క స్తంభాలూ చిట్టి వడ్రంగి పిట్టా

విద్యుత్ కార్యాలయంలో చెక్క స్తంభాల తనిఖీ చూసే ఉద్యోగిని అందరూ సుత్తాయన అనే పిలిచేవారు. ఆయన స్తంభాన్ని నడుము ఎత్తున ఒకసారి, మోకాలి దిగువన ఒకసారి సుత్తితో కొట్టి, తల వాల్చి వినేవారు. గట్టి చెక్క ఖంగుమనేది. పుచ్చినది బోలుగా పలికేది. పుచ్చినదానికి ఎర్రరంగు పూసి, మార్పించేవారు. గట్టిదైతే "ఎక్కు" అనేవారు. ఆ మాట వెలువడనిదే లైన్‌మన్ స్తంభం మీద కాలు మోపరాదన్నది ఆ కార్యాలయంలో ఎవరూ మీరని కట్టడి.

ఆ మాట మీద ఎక్కే లైన్‌మన్ పరాయివాడు కాదు, ఆయన భార్యకు తమ్ముడు. తల్లి పోయిన నాటి నుండి అక్కాబావల ఇంట పెరిగినవాడు. స్తంభానికి చుట్టి కట్టుకునే తోలుపటకా నడుముకు బిగించుకుంటూ బావను ఆటపట్టించనిదే అతడికి పొద్దు గడిచేది కాదు.

"మా అక్క మాట ఒక్కరోజైనా ఇంత శ్రద్ధగా విన్నావా బావా?"

"కర్ర ఒకసారే చెబుతుందిరా" అనేవారు సుత్తాయన.

యాభై దాటిన పిదప ఆయన చెవులు మందగించాయి. మనుషుల మాటలను పెదవుల కదలికను బట్టి పోల్చుకోగలిగేవారు గానీ, స్తంభానికి పెదవులు లేవు. సంగతి బయటపడితే ఉద్యోగం ఉండదు. ఉద్యోగంతోపాటు కార్యాలయం వారిచ్చిన ఇల్లూ ఉండదు.

ఆ స్థితిలో ఆయనకు చిట్టి వడ్రంగి పిట్ట ఆసరాగా దొరికింది. పిచ్చుకంత ప్రాణి. గోధుమవన్నె వీపు మీద తెల్లని అడ్డచారలు. మగదానికి కంటి వెనుక సన్నని ఎర్రగీత ఉంటుంది గానీ, గాలికి ఈకలు లేస్తే తప్ప కనబడదు. తోకను ఊతకర్రలా ఆనించి, పురుగుల కోసం పొడుస్తూ పైకి పాకుతుంది. దాని ముక్కు చిన్నది. పెద్ద జాతుల వలె గట్టి చెక్కను తొలచలేదు. అందుచేత బూజు పట్టి మెత్తబడిన చోటు వెదకి, ఆలుమగలు వంతులవారీగా తొర్ర తొలిచి, తెల్లని గుడ్లు పొదుగుతాయి. మరుసటి ఏటికి మళ్లీ కొత్త తొర్రే.

పిట్ట తొలిచిన స్తంభం పుచ్చినదనీ, పొడిచి చూసి వదిలి వెళ్లినది గట్టిదనీ సుత్తాయన నిశ్చయించుకున్నారు. సుత్తి దెబ్బ మానలేదు. అది చూసేవారి కోసం. ఆ విధంగా రెండు వేసవులు ఏ ఆక్షేపణా లేకుండా గడిచాయి. ఇంజనీరు గారు మెచ్చుకున్నారు కూడా.

భార్య కనిపెట్టింది. వెనుక నుండి పిలిస్తే ఆయన తిరగడం లేదు. ఒకనాడు అన్నం వడ్డించి, ఆయనకు కనబడేలా ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, ఆఫీసులో చెప్పేయండి. ఇల్లు పోతే పోయింది. వాడు ఎక్కేది మీ మాట మీదండీ."

ఈ వేసవి గడవనీ, చెబుతానన్నారు.

ఆ వేసవిలోనే, దర్జీ దుకాణం ముందరి స్తంభం మీద తీగ మార్చవలసి వచ్చింది. బావా బావమరిదీ వెళ్లేసరికి పిట్ట అక్కడే ఉన్నది. తీగలు మోసే అడ్డకర్ర కింద నాలుగు చోట్ల పొడిచి చూసి, ఎగిరిపోయింది. సుత్తాయన మనసు కుదుటపడింది. రివాజు ప్రకారం రెండు దెబ్బలు కొట్టి, తల వాల్చి, "ఎక్కు" అన్నారు.

స్తంభం పైభాగం నిక్షేపంగానే ఉన్నది. పుచ్చు నేల కింద, మురుగు నీరు ఊరే చోట ఉన్నది. పిట్ట తన గూటికి కావలసిన ఎత్తున మాత్రమే చూసుకున్నది. పాదు సంగతి దానికి అక్కరలేదు. బావమరిది పైకి చేరేసరికి స్తంభం మొదలంటా విరిగింది. పటకాతో దానికి బిగించుకుని ఉన్నవాడు దూకడానికి వీలు లేకపోయింది. కింది దెబ్బ బోలుగా పలికినట్టు తనకు వినిపించిందనీ, తెలిసినవారే ఎక్కమన్నారు గదా అని ఊరుకున్నాననీ దర్జీ ఆ తరువాత వాపోయాడు.

ప్రాణం దక్కింది. నడుము కింద ఇక కదలిక ఉండదని వైద్యులు తేల్చారు. స్తంభం గట్టిగానే పలికిందని సుత్తాయన ఇంజనీరు గారికి చెప్పారు, ఆయన నమ్మారు.

ముందుగదిలో అతడికి మంచం వేశారు. కొన్నాళ్లు గడిచాయి. ఒక ఉదయం అక్క గంజి తాగిస్తూ ఉండగా, బావ వైపు ముఖం తిప్పాడు.

"ఆ రోజు కర్ర ఏమంది బావా?"

ఆమె చెంచా గిన్నెలో పెట్టేసింది.

"నాకు వినపడలేదురా. పిట్టను చూసి చెప్పాను."

"ఏ పిట్ట?"

ఆయన అంతా చెప్పారు. అతడు చివరిదాకా విని, గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు.

మరునాడు సుత్తాయన ఇంజనీరు గారి ఎదుట నిజం ఒప్పుకున్నారు. ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది. ముగ్గురూ ఒక్క గది ఉన్న అద్దె ఇంటికి మారారు. ఆయన చెవులు పూర్తిగా మూసుకుపోయాయి. పొద్దున్నే మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటారు.

"వాడేమైనా అన్నాడా?" అని భార్యను అడుగుతారు.

ఆమె అడ్డంగా తల ఊపుతుంది.

బావా అని పిలవాలంటే పెదవులు ముందు కలవాలి. ఆ కలయిక కోసమే ఆయన చూస్తూ ఉంటారు. ముఖం మాత్రం గోడ వైపే ఉంటుంది.