రేవులో బల్ల గ్లాసులు

మా చర్చి సంఘంలో ప్రభు బల్ల నెలకొకసారి, మొదటి ఆదివారం నాడు. ఆ రోజు ద్రాక్షారసం తాగిన గ్లాసులు కడగడం నా పని. ఎవరూ పిలిచి అప్పగించింది కాదు. అంతకుముందు మా అత్తగారు కడిగేవారు. ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక నేను అందుకున్నాను. బొటనవేలంత గాజు గ్లాసులవి. ముందు వేణ్ణీళ్ళు, తరవాత చన్నీళ్ళు, ఆ పైన ఉతికి ఆరేసిన పాత పంచె గుడ్డ.

కడిగిన మొదటి నీళ్ళను మాత్రం మురుగులో పొయ్యనివ్వరు. అందులో ప్రభువు రక్తానికి గుర్తుగా తాగిన రసం కలిసి ఉంటుంది. నలుగురూ తొక్కే చోట పొయ్యకూడదని పాత పెద్దల కట్టడి. చర్చి వెనకే కాలువ. ఆ నీళ్ళు చెంబులో పట్టుకుని, రేవు మెట్లు దిగి, పారే నీళ్ళలో వదిలి, కాసేపు తల వంచి నిలబడి రావాలి. అది నా మరిది పని. మా ఆయనకు తమ్ముడు, సంఘానికి పెద్ద. శుక్రవారం ఉపవాసం నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి.

కరోనా వచ్చిపోయాక గ్లాసులు మారాయి. వాడి పారేసే ప్లాస్టిక్‌వి తెచ్చారు. గాజు గ్లాసుల పెట్టె బీరువా కింది అరలోకి పోయింది.

"మామ్మగారూ, మీకిక శ్రమ తప్పిందండీ" అన్నారు అయ్యగారు. మా పాస్టరుగారిని మేం అలాగే పిలుస్తాం.

ఒక్కసారి వాడి పారేసే వస్తువంటే నాకు మొదటినుంచీ గిట్టదు. పాల కవరు కూడా కడిగి తీగ మీద ఆరేస్తాను. అయినా జబ్బుల రోజులని ఊరుకున్నాను.

నా కొడుకు కూతురు మా ఇంట్లోనే ఉండి విజయవాడలో చదువుతుంది. మా అడ్డరోడ్డులో గన్నవరం నుంచి వచ్చే బస్సెక్కి బెంజ్ సర్కిల్ దగ్గర దిగుతుంది. మొన్న వేసవికి ముందు బాప్తిస్మం తీసుకుంటానంది. మాది నీళ్ళలో ముంచి ఇచ్చే బాప్తిస్మం. మా అత్తగారూ, నేనూ, నా పిల్లలూ అందరం చర్చి వెనక రేవులోనే మునిగి లేచాం. దీన్ని కూడా ఆ రేవులో చూడాలని నా కోరిక. దేవుణ్ణి నా కోసమని ఎక్కువ అడిగినదాన్ని కాదు. ఇది మాత్రం ప్రతి పొద్దునా అడిగేదాన్ని.

"నాయనమ్మా, నేనా నీళ్ళల్లో దిగను" అంది.

"ఏం? మేమందరం దిగలా?"

"మీరు దిగినప్పుడు అవి నీళ్ళు."

"నోరు చూడు దీనికి."

"బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్రెండ్ వాళ్ళ చర్చిలో తొట్టి ఉంది. టైల్స్ వేసి ఉంటుంది, కుళాయి నీళ్ళు. అక్కడ తీసుకుంటా."

"తొట్లో గేదెలు తాగుతాయే."

"మన రేవులో ఆ గేదెలు కూడా దిగట్లేదు, చూశావా?"

నిజంగానే గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళు కొన్నాళ్ళుగా పై రేవుకి పోతున్నారు.

వేసవిలో మాకు కాలువ కట్టేస్తారు. వరి కోతలయ్యాక పైన లాకుల దగ్గర నీళ్ళు ఆపితే, మళ్ళీ సార్వా పంటకి వదిలేదాకా కాలువ ఎండి బురద తేలుతుంది. ఆ శనివారం మందిరం ఊడవడానికి వెళ్ళి, చీపురు గోడకానించి రేవు వైపు నడిచాను. ధర్మాకోల్ ముక్కలు, సంచులు, సీసాలు, చెప్పులు. విజయవాడ మీదుగా వచ్చే కాలువ కాబట్టి ఏది ఎవరు వేశారో చెప్పలేం. కానీ రేవు వంపు దగ్గర, ఎండి పగిలిన బురదలో చిన్న చిన్నవి ఏవో చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి. దిగి ఒకటి చేతిలోకి తీశాను. బల్ల గ్లాసు. అడుగున రసం ఎండిన ఊదారంగు చార ఇంకా ఉంది. చీరచెంగుతో తుడిచినా పోలేదు.

చుట్టూ అవే. మిగతా చెత్త ఎవరిదైనా కావచ్చు. ఇవి మాత్రం మావే. ఈ కాలువ గట్టు మీద ఇంకే ఇంట్లోనూ ఇంత చిన్న గ్లాసు ఉండదు.

మరిదికి కబురు పెట్టాను. వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇవి నువ్వే వేశావా?"

"నేనే వదినా." దాచలేదు. "ప్రభు బల్ల గ్లాసులు చెత్తబండిలో ఎట్లా వెయ్యమంటావు? కోడి ఈకల మీదా? పిల్లల డైపర్ల మీదా? ప్రార్థన చేసే వదిలాను."

"గాజు గ్లాసులప్పుడు మనం వదిలింది నీళ్ళు. నీళ్ళు నీళ్ళల్లో కలిశాయి. ఇవి కలిశాయా?"

"పారే నీళ్ళు కదా, పోతాయనుకున్నా."

"ఎక్కడికి?"

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అశ్రద్ధతో చేసి ఉంటే నాలుగు మాటలు అనేదాన్ని. అంత భక్తితో చేసినవాణ్ణి ఏమనను?

మనవరాలు నన్ను వెతుక్కుంటూ వచ్చి మా ఇద్దర్నీ చూసింది, బురదలోకి చూసింది. ఏదో ఒక దెప్పుడు మాట వస్తుందని నేను కాచుకుని ఉన్నాను. రాలేదు. చున్నీ నడుముకు చుట్టి దిగింది.

"చిన్నతాతయ్యా, పైన గంప ఉంది. అది ఇటు పట్టు" అంది.

మర్నాడు ఆరాధనలో, ఎవరి అనుభవం వాళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, నా మరిది ఆ గ్లాసుల గంప మోసుకొచ్చి బల్ల ముందు దించాడు. "ఇది నా భక్తి. చూడండి" అన్నాడు.

వెనక నుంచి ఒకాయన లేచాడు. "బల్ల ముందు చెత్త పెట్టడమేంటి పెద్దాయనా? అయినా మన గ్లాసులు ఆపితే విజయవాడ చెత్త ఆగుతుందా?"

ఆడవాళ్ళ చాపల మీద నుంచి నేను లేచాను. "ఆగదు. మన గ్లాసులు ఆగుతాయి. బీరువాలో గాజువి ఉన్నాయి, బయటికి తియ్యండి."

"జబ్బులండీ మామ్మగారూ" అన్నారు అయ్యగారు, మెల్లగా.

"ప్రేమ విందుకి బిర్యానీ వండే డేగిసా ఉందిగా. అందులో మరగబెడతాను. మరిగాక ఏ జబ్బు మిగులుతుంది?"

"గ్లాసులతోపాటు మమ్మల్ని కూడా మరగబెట్టేట్టున్నారు" అంది నా పక్కనావిడ.

"అవసరమైతే" అన్నాను.

కొందరికి నచ్చలేదు. తమ గ్లాసు తామే ఇంటి నుంచి తెచ్చుకుంటామన్నారు. తెచ్చుకోండి, తిరిగి పట్టుకుపోండి అన్నాను.

ఎండ ముదరకముందే రోజూ పొద్దున్నే స్త్రీల సమాజం వాళ్ళం కాలువలోకి దిగేవాళ్ళం. ఆ ఎండిన నేల మీదే మోకరించి ప్రార్థన, తరవాత ఏరడం. గోనెసంచులు ఇళ్ళ నుంచి తెచ్చుకున్నాం. కొత్తవి కొనడానికి నేను ఒప్పుకోలేదు. మనవరాలు కాలేజీకి పోయేముందు వచ్చి ఒక చెయ్యి వేసేది. బాప్తిస్మం సంగతి అడిగితే, "నీళ్ళు రానీ, చూద్దాం. ఇప్పుడే మాటివ్వను" అనేది. అది ఎవరి పోలికో నాకు తెలుసు కనక గుచ్చి అడగలేదు.

కాలువ వదిలిన రోజు నీళ్ళు ఎర్రగా, నురగతో వచ్చాయి. వాటి వెనకే పైనున్న ఊళ్ళ చెత్తంతా వచ్చింది. గుర్రపు డెక్క, ధర్మాకోల్, కొబ్బరి బోండాలు, సీసాలు. వేసవంతా మేం మోకాళ్ళ మీద ఏరిన రేవు రెండు పూటల్లో మళ్ళీ నిండింది. గట్టు మీద నిలబడి చూశాను. ప్రార్థన చెయ్యకుండానే వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చి మనవరాలితో, "ఆ తొట్టికే పోవే. నేనూ అక్కడికే వస్తాను" అన్నాను.

అది నా మొహం చూసింది. "నిజంగానా?"

"నిజంగానే."

ఆ తరవాత దాని నోట తొట్టి మాట లేదు. నా మరిది మాత్రం రేవుకి ఎగువన రెండు గుంజలు పాతి, అడ్డంగా వెదురు కట్టాడు. రోజూ పొద్దున్నే గడ పట్టుకుని, అక్కడ ఆగిన చెత్తని గట్టుకి లాగేవాడు. నీళ్ళు తేటపడే రోజుల్లో ఒక పొద్దున బస్సుకి బయల్దేరుతూ మనవరాలు చెప్పుల దగ్గర ఆగింది.

"నాయనమ్మా, నా తెల్లచీర తీసి పెట్టు. అయ్యగారికి చెప్పేశా. మన రేవులోనే."

"నీళ్ళు ఇంకా బాగుపడలేదు కదే."

"తెలుసు. చిన్నతాతయ్య రోజూ గడ పట్టుకుని నిలబడుతున్నాడు. నేను తొట్టికి పోతే ఆయన ఎవరి కోసం నిలబడినట్టు?"

ఆ ఆదివారం సంఘమంతా గట్టు మీద పాట అందుకుంది. అయ్యగారు నడుము లోతుకి దిగారు, ఆయన చెయ్యి పట్టుకుని అది దిగింది. వాళ్ళకి ఎగువన, ఛాతీ లోతు నీళ్ళలో నా మరిది, మాకు వీపు పెట్టి, కొట్టుకొచ్చే డెక్కని గడతో అవతలికి తోస్తున్నాడు. ఎదురు ప్రవాహం చూడాలి కనక వెనక్కి తిరగడానికి లేదు. మా ఇంటి బిడ్డ బాప్తిస్మం మా ఇంటి పెద్దే చూడలేదు.

పాట ఆగింది. నీళ్ళ చప్పుడు వినపడింది.

"లేచిందా వదినా?" అన్నాడు తిరక్కుండానే.

"లేచింది."

గడ ఒక్క క్షణం ఆగింది.

"గడ వదలకు. అయ్యగారింకా నీళ్ళల్లోనే ఉన్నారు" అన్నాను.

ఆ రోజే దానికి మొదటి బల్ల. తడి జుట్టుతో వచ్చి గాజు గ్లాసు అందుకుంది. ఆరాధన అయ్యాక పళ్ళెం తనే వంటపాకలోకి తెచ్చి నా పక్కన పెట్టి, గుడ్డ తీసుకుంది. నేను కడిగాను, అది తుడిచింది. మొదటి నీళ్ళు చెంబులో పట్టాను. మరిది బట్టలు మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెంబు అందుకున్నాడు గానీ కదల్లేదు.

నేను చెంబులోకి తొంగి చూశాను. నీళ్ళే.

"పో" అన్నాను.

మెట్లు దిగి వెళ్ళాడు.