ఎలుకలకు పెట్టిన సహరి

నేను కువైట్‌లో ఒక పరిశోధనశాలలో ఎలుకలను చూసుకుంటాను. మేత వేయడం, నీళ్ల సీసాలు నింపడం, బోనులు కడగడం నా పని. కడప నుంచి వచ్చిన ఒక మేడమ్, షుగర్ జబ్బు తెప్పించిన ఎలుకల మీద ప్రయోగం చేసేవారు. ఉల్లి పైపొరల నుంచి తీసిన యాంటీ ఆక్సిడెంట్ మందును ఒక వరుస బోనులకు పట్టేవారు, రెండో వరుసకు ఉత్త నీళ్లు. రెండు నెలలయ్యాక రెండింటి రక్తం పోల్చాలి. అది తేలితేనే ఆమెకు డాక్టరేటు.

రక్తం తీసే రోజు ఎలుకలు పరగడుపున ఉండాలి. ముందురోజు సాయంత్రమే మేత తీసేశాను. అది రంజాన్ నెల. తెల్లారకముందే సహరి తిని, నమాజు చేసుకుని డ్యూటీకి వచ్చేసరికి అవి కమ్మీలు కొరుకుతున్నాయి. రోజా ఉన్న నేనే కడుపునిండా తిన్నాను, వీటికి ఆ ముద్ద కూడా లేదే అనిపించింది. మందు తాగే వరుసకు తలా గుప్పెడు వేశాను. రెండో వరుసకు వెళ్లబోతుంటే మేడమ్ పక్కగది తలుపు తీసిన చప్పుడైంది. ఆగిపోయాను. ఆమె సామాను సర్దుకుని వచ్చేలోపు అవి అంతా తినేశాయి.

మందు తాగిన ఎలుకలకే షుగర్ ఎక్కువ వచ్చింది.

“ఖలాస్, ఇది పనిచేయదు” అన్నారు మా ల్యాబు పెద్ద డాక్టరు.

“యాడో నా చెయ్యే తప్పింటాది అన్నా” అని మేడమ్ కుంగిపోయారు. నా ఇఖామా, అదే ఇక్కడుండే పర్మిట్టు, రద్దుచేసి ఊరికి పంపేస్తారని భయపడి నేను మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజు ఆమె ప్రయోగం ఆపేద్దామని బోనుల చీటీలు పీకేస్తుంటే చెప్పేశాను.

“ఎలుకలకు సహరి పెట్టినావా?”

“పెట్టినా మ్యాడమ్.”

“ఇఫ్తార్‌కు గూడా పిలవకపోతివా” అన్నారు, నవ్వకుండా. “వారమాగి మళ్లా తీద్దాం. ఈసారి మేత గది తాళం నా దగ్గరుంటాది.”

రెండోసారి ఉత్త నీళ్ల వరుసలో షుగర్ దిగలేదు. మందు వరుసలో దిగింది. రక్తంలో కొవ్వూ దిగింది. అంకెలు చదివేకొద్దీ ఆమె గొంతు పెరుగుతూ పోయింది.

“మొదట ఏమైంది?” అని పెద్ద డాక్టరు అడిగారు.

“మేతలో పొరపాటు సార్, మా అన్న పట్టుకున్నాడు” అన్నారామె, నన్ను కాస్తూ. నేను తలూపాను. సిగ్గులేకుండా ఏడాదిపాటు ఆ మంచిపేరు మోశాను.

మొన్న ఆమెకు డాక్టరేటు వచ్చింది. అందరి ముందూ పెద్ద డాక్టరు నా జాగ్రత్తను మెచ్చుకోబోతే లేచి నిలబడ్డాను. వచ్చిన అరబ్బీలోనే జరిగిందంతా చెప్పాను. ఆయన, నన్ను కాసిన మేడమ్ వైపు తిరిగి చప్పట్లు మొదలుపెట్టారు. గదంతా అందుకుంది.

“ఇంగ మ్యాడమ్ అనాకు అన్నా, డాక్టరమ్మా అను” అన్నారామె.

గట్టిగానే అన్నాను.