రాక్షసుడికి పేలు చూసిన రాజకుమారి

మొన్న అంగన్‌వాడీలో సాంబారుకు కొత్త చింతపండు నానబెడుతుంటే ఆ పుల్లటి వాసనకు నాలో నేనే నవ్వుకున్నాను. నేను అక్కడ ఆయాను. చదివింది ఐదో తరగతి. ఇట్లా రాయడం ఇదే మొదలు. అయినా మా మునెమ్మత్త గురించి చెప్పాలి.

ఐదో తరగతిలో పాఠం చదవమని నిలబెడితే మొదటి మాటకే తడబడ్డాను. క్లాసంతా నవ్వింది. అప్పటినుంచి నలుగురిలో నోరు తెరవడం మానేశాను. ఆరో తరగతికి పోనని ఏడిస్తే నాయన సరేనన్నాడు. ఆ ఎండాకాలం, ఏర్పేడు దగ్గర మా ఊళ్ళో, పక్కింటి మునెమ్మత్త వసారాలో చింతపండు కొట్టడానికి కూర్చున్నాను. ఆరేడుగురు ఆడపిల్లలం. పండును రాతి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి గింజలు తీయాలి. మా చేతులు ఆగకుండా అత్త కథలు చెప్పేది. ఊ కొట్టే పని నోటిది కాదు, సుత్తిది. చప్పుడు ఆగితే కథ కూడా ఆగేది. మాట్లాడే పని లేదు కాబట్టి నాకు హాయిగా ఉండేది.

ఒకరోజు కథలో రాక్షసుడు రాజకుమారిని ఏడంతస్తుల మేడలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అక్కడ అత్తే ఆపేసింది.

"ఇప్పుడెట్ల బయటపడతాదే?"

"రాజకుమారుడొచ్చి ఇడిపిస్తాడు," అంది నా పక్కనున్న రమణమ్మ.

"వాడు రాడు. తడ బస్టాండు కాడ వాడికి బస్సు తప్పిపోయినాది," అంది అత్త.

అందరం పడీపడీ నవ్వాం. అత్త మాత్రం నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పు పాపా. ఆయమ్మ ఇంకా మేడలోనే ఉండాది."

నా సుత్తి ఆగిపోయింది.

"దానికి మాటలు రావులే అత్తా," అంది రమణమ్మ.

"నువ్వుండవే! అది సెప్పేదాకా ఈడే కూసుంటా. నాకేం తొందర?"

అత్త తీరిగ్గా వక్క నములుతూ కూర్చుంది. నాకు భయం కన్నా ఆ రాజకుమారి మీద జాలి ఎక్కువైంది. నేను పలక్కపోతే ఆ పిల్ల అక్కడే ఉండిపోతుంది.

"పే... పేలు సూస్తానని రాక్షసుడి తల ఒళ్ళో పెట్టుకుంటాది," అన్నాను. "వాడు సుకంగా నిద్రపోతాడు. అప్పుడు తాళంచెవి తీసుకుంటాది."

రమణమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నా మీద కాదు, రాక్షసుడి మీద. ఆ తేడా నాకు ఒళ్ళంతా తెలిసింది.

"అట్లే జరిగినాది," అంది అత్త గట్టిగా. "ఎన్ని పేలు దొరికినాయే?"

"కుంచెడు!" అని అరిచాను.

ఆ తర్వాత అత్త ఆ కథ ఎవరికి చెప్పినా "ఇది మా పక్కింటి పాప కత" అనే మొదలుపెట్టేది. నేను మళ్ళీ బడికి పోలేదు, ఆ లోటు ఉంది. నోరు మాత్రం మళ్ళీ మూసుకోలేదు.

ఇప్పుడు అంగన్‌వాడీలో కథలు చెప్పేది నేనే. సగంలో ఆపి అడుగుతాను. ఒక పిల్ల నెలల తరబడి పలకలేదు. పక్కవాళ్ళు అందుకోబోతే వద్దని, ఆ పిల్ల కోసమే ఆగేదాన్ని. నిన్న ఈ రాక్షసుడి కథే సగంలో ఆపితే మెల్లగా తలెత్తి, "రాక్షసుడి వాళ్ళమ్మ యాడుండాది?" అంది.

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు మేమంతా కలిసి కథలో ఆ అమ్మను వెతుకుతున్నాం.