ఒకే లైను కోసం ఆగిన ప్రోగ్రాం

తొంభైల మధ్యలో నేను ఢిల్లీలో ఒక వరద సమాచార కార్యాలయంలో ప్రోగ్రామర్‌ని. నది పొడవునా ఉన్న ఆరు కేంద్రాల నుంచి నీటిమట్టాలు ఫోన్ లైన్ల మీద మా కంప్యూటర్‌కు వచ్చేవి. వాటిని చదివే ప్రోగ్రాం రాసింది నేనే.

ఒక ఆగస్టు మధ్యాహ్నం మా ఆఫీసరు రావుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏమ్మా, పొద్దుట్నుంచి అంకెలు మారలేదు. నీళ్లు నిలకడగా ఉన్నట్టేనా?"

"అవును సార్" అన్నాను, చూడకుండానే.

కాసేపటికి నాలుగో కేంద్రం ఉద్యోగి ఫోన్ చేసి అరిచాడు. "మేడమ్ జీ, సుబహ్ సే భేజ్ రహే హై, కోయీ దేఖ్‌తా నహీ?" పొద్దుట్నుంచి పంపుతూనే ఉన్నాడట, ఎవరూ చూడట్లేదా అని. నది కట్ట తెగి అక్కడి ఊళ్లోకి నీళ్లొచ్చేశాయట.

చూస్తే, మొదటి కేంద్రం లైను చెడిపోయింది. నా ప్రోగ్రాం దాని కోసమే ఎదురుచూస్తూ ఆగిపోయింది. మిగతా లైన్లలో వచ్చినవేవీ చదవలేదు. ఏ లైనులో సమాచారం సిద్ధంగా ఉందో సిస్టమ్‌ని ముందు అడిగి, దాన్నే చదవాలి. అది నాకు తెలుసు. తొందరలో వదిలేశాను.

సాయంత్రానికి పడవల్లో అందర్నీ బయటికి తెచ్చారు, ఒక ముసలావిడను తప్ప. ఆవిడ చనిపోయిందని రావుగారు చెబితే "అలాగా సార్" అన్నాను. ఏడుపు రాలేదు. ప్రోగ్రాం సరిచేయడానికి అరగంట కూడా పట్టలేదు.

రిపోర్టులో 'లైను చెడిపోవడం వల్ల హెచ్చరిక పంపలేకపోయాం' అని రాశారు. నేనూ సంతకం పెట్టాను.

ఇన్నేళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు. కనీసం ఆవిడ పేరైనా ఆ రోజు అడిగి ఉండాల్సింది.