గురూజీ బావి దగ్గర పోళా

ముద్ఖేడ్‌లో రైలు దిగి భోకర్ బస్సు కోసం నిలబడితే, మా ఊరి రైతు ఒకాయన ఎదురుపడ్డాడు. "గురూజీ పోయిండు బిడ్డా. దినాలు గూడ అయినయి. ఎల్లుండి పోళా పండుగ. ఇగ ఎడ్లనెవరు కడుగుతరో ఏమో!" ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు. ఊరందరికీ అక్షరాలు నేర్పిన మనిషి చివరికి ఎడ్లు కడిగేవాడిగా మిగిలాడు.

మా ఊరి చివర రాళ్ల నడుమ ఒక ఊట ఉంది. డెబ్బై రెండో సంవత్సరం కరువులో కూడా ఎండలేదు. దాని మీద నల్లరెక్కల తూనీగలు తిరుగుతాయి. మీరు చూసి ఉండరు. పైజామా పైకి మడిచి చుట్టుపక్కల వాగులన్నీ గాలించినా గురూజీకే అవి ఇంకెక్కడా కనబడలేదు.

"ఈ తూనీగ పిల్లలు నీళ్లడుగున రాళ్లు పట్టుకొని బతుకుతయి. బురద లేస్తే ఊపిరాడక సస్తయి" అని చెప్పేవాడు. అందరూ బుద్ధిగా తలూపేవాళ్లు. ఎడ్ల పండుగ పోళా రాగానే ఊరి ఎడ్లన్నిటినీ ఆ ఊటలోకే దించి తోమేవాళ్లు.

ఒక పోళాకు ఆయన దారికి అడ్డం నిలబడ్డాడు.

"మరి మా ఎడ్లను మీరు కడుగుతరా?" అన్నాడు పటేలు వెటకారంగా.

"కడుగుత. మా బాయికాడికి తోలుకరా పటేలా!"

మధ్యాహ్నానికి ఊరి ఎడ్లన్నీ ఆయన వాకిట్లో బావి దగ్గరే ఉన్నాయి. ఆయన ఇల్లాలు నీళ్లు చేదుతూనే తిట్టింది: "ఆ తూనీగలనే పెండ్లి చేస్కుంటె అయిపోవు గద!"

గురూజీ చెయ్యి పడితే ఎద్దు చెప్పిన మాట వింటుందని ఎవరో పుకారు పుట్టించారు. మా నాన్న నమ్మాడు. బళ్లో నన్నే మాట వినేలా చెయ్యలేని చెయ్యి అది! ఇక ఏటా అదే తంతు. ఒకసారి మా ఎద్దే ఆయన్ను తన్నింది. బురదలో కూర్చునే నవ్వాడు. "ఎద్దుకు కోపమొస్తే తన్నుతది. తూనీగకొస్తే ఏం జేస్తది? అందుకే నేను దాని పార్టీ."

ఈసారి పోళా పొద్దున, ఊట పాడవుతుందని గుబులుగా బయలుదేరాను. దారిలోనే గురూజీ వాకిలి. ఎడ్లన్నీ అలవాటుగా అక్కడే నిలబడ్డాయి. పటేలు పంచె ఎగగట్టి పక్కవాడి ఎద్దును తోముతున్నాడు. గురూజీ ఇల్లాలు అరుగు మీంచి కసురుతోంది: "చెవుల ఎనక తోము పటేలా! ఆయన తోమేటోడు."

కళ్లు తుడుచుకుని ఊట దాకా వెళ్లాను. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున రాళ్లు కనబడుతున్నాయి. ఒక నల్లరెక్కల తూనీగ గడ్డిపోచ మీద తీరిగ్గా వాలి ఉంది. గురూజీ పోయాడని దానికింకా ఎవరూ చెప్పలేదు.