గోధుమల ఓడ మీద విమానాలు

యుద్ధం ముగిసిన మరుసటేడు మా బావ రాయగడ వచ్చి, మా నాన్న ధాన్యం కొట్లో బస్తాల మీద కూర్చుని కోతలు మొదలుపెట్టాడు. కోతలన్నది బజారు మాట, నాది కాదు. బావంటే మా నాన్న అప్ప కొడుకు, అంటే మా మేనత్త కొడుకు. ఇంట్లో చెప్పకుండా కలకత్తా పోయి సరుకుల ఓడలో కళాసీగా చేరాడు. యుద్ధంలో ఆ ఓడకి పైన చదునుగా ఇనప కప్పు వేశారట. దాని మీంచి విమానాలు ఎగిరేవట, మళ్ళీ దాని మీదే దిగేవట. సంతకొచ్చిన వాళ్ళు కూడా కొట్టు ముందు ఆగి, "ఈయేళ ఇమానం దిగుతాదా బాబూ?" అని అడిగి మరీ పోయేవారు.

నవ్వులాటతో పోతే బాగుండేది. నన్ను ఆయనకే ఇస్తారని చిన్నప్పట్నుంచీ అనుకున్నదే. ఇప్పుడు మా నాన్న అడ్డం తిరిగాడు. అత్త ముహూర్తం మాటెత్తితే, "ఓడ మీద ఇమానం దిగిందనీవోడికి పిల్లనిస్తే రేపు నన్ను సూసి నవ్వుతారప్పా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజే అత్త ముందు బావ ఆఖరిసారి చెప్పి చూశాడు. విమానం తోక కింద కొక్కెం, అడ్డంగా కట్టిన ఇనప తాడు, అది తగులుకుని ఆగడం, అన్నీ చేతులతో చూపించాడు. మా నాన్న ఆవులించాడు. తలుపు వెనక చోళ్ళు చెరుగుతున్న నాకు అప్పుడు తట్టింది. గింజ మాటెత్తితే మా నాన్నకి తిండి కూడా గుర్తుండదు. పెద్దవాళ్ళ మధ్య ఆడపిల్ల నోరెత్తకూడదు. ఎత్తాను.

"పైన ఇమానాలు సరే. కింద ఏటుండీది బావా?"

"ఏటుంటాది, గోదుములు. ఓడ నిండా."

నాన్న ఆవులింత సగంలో ఆగిపోయింది. "పైనంతా మూసీసినాక బస్తాలెలాగ దించీవోరు?"

"బస్తాల్నేవు మావా. ఇడి గింజలే. పైన సిన్న సిన్న కన్నాలుండీవి, గొట్టంతో పోసీవోరు. ఒడ్డుకెల్లేక గొట్టంతోనే పీల్చీసీవోరు."

"ఓడ ఒరిగితే గింజంతా ఒక పక్కకి జారిపోదేటి?"

"జారకుండా మజ్జిన సెక్కలు అడ్డం కట్టీవోరు."

నాన్న లేచి తన బస్తాల వైపు కాసేపు చూశాడు. తర్వాత అత్తతో, "ముహూర్తం పెట్టించప్పా. ఇమానాల సంగతి నాకు తెల్దు గానీ, గింజ సంగతిలో నన్నెవడూ మోసం సెయ్యనేడు" అన్నాడు.

సంతోషంలో చేట ఒంపేశాను, చోళ్ళన్నీ నేలపాలు. బావ ముఖం మాత్రం వేలాడిపోయింది. పిల్ల దొరికింది గానీ విమానాల్ని నమ్మినవాడు ఒక్కడూ దొరకలేదు.

పెళ్ళి పీటల మీద తలంబ్రాలకి దోసిళ్ళు నింపుకున్నాం. పురోహితుడు మంత్రం చదువుతుంటే మెల్లిగా అడిగాను.

"ఇమానం దిగినప్పుడు ఓడ ఊగీదా బావా?"

"నువ్వు నమ్మేవేటి అమ్మీ?"

"నమ్మకపోతే ఈ పీట మీద ఎందుకు కూసుంతాను?"

ఆయన దోసిలి గాల్లోనే ఉండిపోయింది. నా తల మీద పడాల్సిన బియ్యమంతా వేళ్ళ సందుల్లోంచి ఆయన ఒళ్ళోకే జారిపోయింది.