రేణుకమ్మకు శోకం పెట్టినవాడు

ధరూర్ చుట్టుపక్కల ఊళ్లన్నింటిలోకీ మద్దిలేటి మీసమే పెద్దది. ఆ మీసం కింద నోరొకటి ఉందన్న సంగతి మాత్రం మాకు చాలా ఏళ్లు తెలియలేదు. పలకరిస్తే తలూపేవాడు. వేరుశనగ విత్తేటప్పుడు గొర్రు పట్టడానికి అందరూ అతన్నే పిలిచేవాళ్లు. ఎడ్లను కూడా సైగలతోనే మలుపుతాడని మా వీధి ఆడవాళ్లం ఎగతాళి చేసేవాళ్లం.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడ్వరు. శవం చుట్టూ కూర్చుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, పోయినవాళ్ల బతుకంతా రాగం తీసి చెబుతారు. పుట్టిల్లు, పడ్డ కష్టాలు, పడ్డ మాటలు, పెంచిన పిల్లలు, అన్నీ అందులో వస్తాయి. శోకం పెట్టడం అంటే అదే. తల్లికి శోకం పెట్టాల్సింది కూతురు. కొడుకు నిప్పుకుండ పట్టుకుని నోరు మూసుకుని ముందు నడవాలి. మగవాడికి దుఃఖం మరీ ఎక్కువైతే మావాళ్లు కల్లు దుకాణం వైపు నడిపిస్తారు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, నాకు మొదటినుంచీ దాని మీద మంటే.

మద్దిలేటి తల్లి రేణుకమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఉన్నది ఒక్క కొడుకు, కూతురు లేదు. నాట్లకు పోయినా, చావుకు పోయినా వాణ్ని చంకన వేసుకునే పోయేది. అలా విని విని వాడికి రాగం పట్టుబడింది. ఒకనాడు ఎవరో పోతే, ఊళ్లో శోకాలకు పెద్దదిక్కయిన సత్తెమ్మ పక్కన కూర్చుని తనూ గొంతు కలిపాడట. మేనమామ వెంకట్రాములు రెక్క పట్టి బయటకు ఈడ్చి, అందరి ముందూ చెంప పగలగొట్టాడు. ఆడంగి అన్న పేరు అంటుకుంది. మీసం మొలిచాక చేనుకు కంచె వేసినట్టు దాన్ని పెంచాడు, పేరు మరుగున పడింది. దాంతోపాటు గొంతూ పోయిందనుకున్నారు.

పోలేదని అతని భార్య నవనీతకు ఒక్కదానికే తెలుసు. చేనులో బోరు మోటారు మోగుతున్నంతసేపూ పాడుకుంటాడనీ, కరెంటు పోగానే మానేస్తాడనీ నాకు చెప్పి నవ్వింది. నేను నమ్మలేదు.

రెండువేల ఆరు వానాకాలంలో రేణుకమ్మ మంచం పట్టింది. గద్వాల దవాఖానలో చూపించి, ఇక లాభం లేదంటే ఇంటికి తెచ్చారు. ఒక మధ్యాహ్నం నేను కాళ్లు ఒత్తుతుంటే అంది: "నాకు సావంటె బయం లేదు బిడ్డా. ఆడపిల్ల లేనిదాన్ని, నా బతుకు చెప్పి ఏడ్చేటోళ్లు లేరు. గొడ్డును ఈడ్చుకపోయినట్టు ఊకెనే తీస్కపోతరేమో." వాకిట్లో పగ్గం పేనుతున్న మద్దిలేటికి ఆ మాట వినబడింది. పగ్గం అక్కడే వదిలి చేను దారి పట్టాడు.

వారం తిరక్కుండానే ఆమె పోయింది. సత్తెమ్మ వచ్చి శోకం అందుకుంది గానీ, రేణుకమ్మ లోపలి సంగతులు ఆమెకేం తెలుసు? ఎవరికైనా పనికొచ్చే నాలుగు మాటలతో ఆగిపోయింది. నవనీతది రాయచూరు వైపు ఊరు. గుండెలు బాదుకుని ఏడ్చింది, కానీ ఆమె శోకమంతా కన్నడంలో సాగింది. బయట డప్పులు మొదలయ్యాయి. పొద్దు పోతోందని తొందరపెడుతూ వెంకట్రాములు మేనల్లుడి చేతికి కుండ అందించాడు.

మద్దిలేటి ఆ కుండను కింద పెట్టాడు. తడి బట్టలతోనే లోపలికి వచ్చి, ఆడవాళ్ల మధ్య జాగా చేసుకుని, తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నవనీత భుజం మీద చెయ్యి వేశాడు. రాగం తీశాడు.

"నాటుమడిల వంగిన నీ నడుము ఇయ్యాల సక్కగయ్యిందా అవ్వా. కొంగుల కట్టుకొచ్చిన బుక్కెడు బువ్వ నాకు పెట్టి, ఆకలి లేదంటివి గదా అవ్వా."

అది ఏడుపో పాటో తెలియలేదు. ఆమె పుట్టింటి బర్రె పేరు చెప్పాడు, మొగుడు పోయిననాడు ఆమెకు పగలగొట్టిన గాజుల రంగు చెప్పాడు, ఎవరికీ తెలియకుండా ఆమె మింగిన మాటలన్నీ చెప్పాడు. డప్పులు ఆగిపోయాయి. కడప దగ్గర మగవాళ్లు గుంపు కట్టారు, ఒక్కరూ నవ్వలేదు. ఆపడానికి కోపంగా లోపలికి వచ్చిన వెంకట్రాములు చెవిన, పసివాడైన తమ్ముణ్ని చంకనేసుకుని, నెత్తిన బిందెతో ఆమె నీళ్లకు బావి దాకా నడిచిన సంగతి పడింది. ఆ తమ్ముడు తనే. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని కడప మీద కూలబడ్డాడు. ఇంత గొంతు, ఇంత జ్ఞాపకం మా మధ్యే తలూపుకుంటూ తిరిగిందా అనిపించింది నాకు. ఆ పూట రేణుకమ్మ మాకు కొత్తగా తెలిసింది.

శోకం అయిపోయాక సత్తెమ్మే జరుగుతూ వచ్చి అతని గడ్డం పట్టుకుంది.

"నాకు ముగ్గురు ఆడపిల్లలున్నరు నాయనా. అయినా నేను పోయిననాడు నువ్వు రావాలె."

మద్దిలేటి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ మగవాళ్లందరికీ వినబడేలా, "వస్త పెద్దమ్మా" అన్నాడు.